మూతి వంకరగా ఉన్న డేనిష్ గాజు కుండీ: తేడా సరుకా, కావాలనే అలా చేశారా?

గుణుపురం టీచర్:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అమ్మకు ఇప్పుడు 83 ఏళ్లు. వయసులో ఉండగా బిస్సంకటక్ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సన్ గారు 1954లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. అమ్మతో కలిసి నైట్ డ్యూటీలు చేసిన ఒక డేనిష్ సిస్టర్ 1971లో తన దేశానికి వెళ్లిపోతూ అమ్మ చేతిలో ఒక గాజు పూలకుండీ పెట్టింది.

నా ప్రశ్న దాని గురించే. జానెడు ఎత్తు ఉంటుంది, పొగ రంగు. అడుగు మందం, పైకి పోయేకొద్దీ పల్చన. చేతిలోకి తీసుకుంటే చూడ్డానికి అనిపించినదాని కన్నా బరువు. మూతి మాత్రం మిగతా కుండీల్లా గుండ్రంగా లేదు. ఒక పక్కకు లాగేసినట్టు ఉంటుంది, తల్లి మేత తెచ్చినప్పుడు పిట్టపిల్ల నోరు చాపినట్టు.

మా మేనత్త చూసిన రోజే "పనికిరానిది నీకు అంటగట్టి పోయింది" అంది. అమ్మ ఏమీ అనలేదు. కానీ అప్పటి నుంచి ఆ మూతిని గోడవైపు తిప్పి పెట్టడం మొదలుపెట్టింది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి దాన్ని అలాగే చూస్తున్నాను. పోయిన నెల బరంపురంలో పాత సామాన్ల షాపతనికి చూపిస్తే "మూతి తేడా పీసు, మూడొందలు ఇస్తా" అన్నాడు. అమ్మే ఉద్దేశం నాకు లేదు. ఆ మాట విన్నాక మాత్రం చాలా బాధేసింది. అమ్మతో పద్దెనిమిది నెలలు ఒకే గదిలో ఉన్న మనిషి తేడా సరుకు ఇచ్చి వెళ్లి ఉంటుందా? అమ్మ కళ్లు బాగుండగానే నిజం తెలుసుకుని చెప్పాలని నా తాపత్రయం. లోపల తెల్లటి పొర కూడా పట్టింది. అది పోయే దారి ఉంటే చెప్పండి.

పర్లాకిమిడి కుర్రాడు, కోపెన్‌హాగెన్ నుంచి:

టీచర్ గారూ, ముందు మీ అమ్మగారికి ఈ మాట చెప్పేయండి: అది తేడా పీసు కాదు. మీరు చెప్పిన పోలికలను బట్టి అది హోల్మెగార్డ్ గాజు ఫ్యాక్టరీ కుండీ. ఇక్కడ దాన్ని పిలిచే పేరుకు అర్థమే పక్షి ముక్కు. పిట్టపిల్ల నోరు అని మీరు రాసింది చదివి నాకు ఒళ్లు పులకరించింది.

చేసినాయన పేర్ లూట్కెన్. 1916లో పుట్టారు, 1942లో ఆ ఫ్యాక్టరీలో డిజైనర్‌గా చేరారు, 1998లో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. 56 ఏళ్లు ఒకే కొలిమి దగ్గర! ఆయనకు ముందున్న జేకబ్ బాంగ్ గీతలు గీసినట్టు పద్ధతిగా, నిటారుగా ఉండే గ్లాసులు చేయించేవారు. లూట్కెన్ దారి వేరు. కాలే గాజు తేనెలా సాగుతుంది కదా, ఆ సాగుడే చల్లారిన తర్వాత కూడా కంటికి కనబడాలన్నది ఆయన పట్టుదల. అందుకే గాజు ఊదేవాళ్ల పక్కనే నిలబడి, వేడి మీద ఉండగానే ఇటు లాగు, అటు వంచు అని చేయించేవారు. మీ కుండీ 1950ల నాటి తరహా. హృదయం ఆకారంలో ఉండే కుండీలు కూడా ఆ రోజుల్లోనే చేశారు. నాకు మాత్రం వాటికన్నా ఈ ముక్కు కుండీయే ఇష్టం.

ఆ ఫ్యాక్టరీ కథ కూడా అమ్మగారికి చెప్పండి. అక్కడి జమీందారు తన చిత్తడి నేలలో దొరికే పీట్‌తో, అంటే కుళ్లిన నాచు గట్టిపడి తయారయ్యే మట్టి బొగ్గుతో, గాజు కొలిమి నడపాలని రాజుగారి అనుమతి అడిగి, అది రాకముందే పోయాడు. ఆయన భార్య హెన్రియెట్ ఆ పని వదల్లేదు. 1825లో ఆవిడే కొలిమి ముట్టించింది. మొదట్లో ఆకుపచ్చ సీసాలే చేసేవారు. ఇప్పుడు ఆ స్థలంలో మ్యూజియం ఉంది. నేను వెళ్లినప్పుడు అరల నిండా గాజే.

ఒక పని చేయండి. కుండీని మెత్తటి బట్ట మీద బోర్లించి, అడుగున ఒంటికి రాసుకునే పౌడర్ కొద్దిగా రుద్ది తుడవండి. ముగ్గుపిండి వద్దు, గీతలు పడతాయి. పక్క నుంచి టార్చ్ వేస్తే, వజ్రపు ముల్లుతో గీకిన సన్నటి రాత కనబడవచ్చు. ఫ్యాక్టరీ పేరు, పీ, ఎల్ అక్షరాలు పెనవేసిన గుర్తు, దానికి అటూ ఇటూ రెండేసి అంకెలు. ఆ అంకెలు కలిపి చదివితే సంవత్సరం.

కొమ్ము పని:

అమ్మా, నేను పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేస్తాను. మా తాత చేసిన పనే. గాజు సంగతి నాకు తెలియదు, వంపు సంగతి తెలుసు. గేదె కొమ్మును కాచి మెత్తబడ్డాక వంచుతాం. చల్లారే లోపల చెయ్యి ఆగిపోవాలి. కొంగ మెడ వంచేటప్పుడు తెలియక వంకర పోతే అక్కడ నొక్కుపడి మందం ఒక పక్కకు చేరుతుంది, అంచు గరుకుగా ఉంటుంది. తెలిసి వంచితే మందం మెల్లగా తగ్గుతూ పోతుంది. మీరు కళ్లు మూసుకుని ఆ మూతి మీద వేలు నడపండి. ఎక్కడా తట్టకుండా వేలు జారిపోతే, అది చెయ్యి తిరిగిన మనిషి పని. షాపతని మాట పట్టించుకోకండి.

జయపురం నుంచి:

తెల్లటి పొరకు నిమ్మ ఉప్పు చాలు. బోరు నీళ్లు నిలవుంచితే సున్నం అలా పేరుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాలు కలిపి రాత్రంతా ఉంచండి. మరిగే నీళ్లు పోయొద్దు, మందపు గాజు చిట్లుతుంది. ఇసుక, పీచు కూడా వద్దు. రెండు మూడు సార్లకూ పోకపోతే గాజు పైపొర తినేసిందని అర్థం, ఇక ఇంట్లో చేసేదేమీ లేదు.

గుణుపురం టీచర్:

రాత కనబడింది! ముందు 19, తర్వాత మెలిక, తర్వాత 58. అమ్మ భూతద్దం తెచ్చుకుని తనే చదివింది. ఆ సిస్టర్ ఇక్కడికి వచ్చింది 1961లో అట. అంటే అప్పటికే తన దగ్గరున్న దాన్నే పెట్టెలో పెట్టుకుని ఓడలో తెచ్చుకుంది. కొని ఇచ్చింది కాదు, తన సొంతం ఇచ్చింది. "కిటికీలో పెట్టుకునేది, దుమ్ము నన్ను కూడా తుడవనిచ్చేది కాదు" అని అమ్మ ఇప్పుడు గుర్తు చేసుకుంటోంది. ఇన్నేళ్లలో ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు.

నిమ్మ ఉప్పుతో పొర చాలావరకు పోయింది. అడుగున కొంచెం మిగిలింది, అది అలాగే ఉండనీ అంది అమ్మ. మూతి ఇప్పుడు గదివైపు ఉంది. ఒక్క నందివర్ధనం కొమ్మ పెడితే సరిగ్గా ఆ ముక్కు మీదకు ఒరుగుతోంది.

కొమ్ము పని చేసే బాబుకు ఒక మాట. కొంగ మెడ అని మీరు రాసింది చదివి వినిపించగానే అమ్మ లేచి కూర్చుంది. ఆ సిస్టర్ వెళ్లేటప్పుడు అమ్మ ఇచ్చింది పర్లాకిమిడి కొమ్ము కొంగనేనట. నల్లటిది, తల వెనక్కి తిప్పి రెక్క కింద ముక్కు పెట్టుకున్నట్టు ఉండేదట. అలాంటిది ఇప్పుడు ఎవరైనా చేస్తారా? వచ్చే ఆదివారం అమ్మను తీసుకుని వద్దామనుకుంటున్నాను. మీ షాపు తెరిచి ఉంటుందా?

కొమ్ము పని:

ఉంటుందమ్మా. తల వెనక్కి తిప్పిన కొంగ మా తాత చేసేవాడు. పెద్దమ్మగారిని తీసుకురండి, మెడ ఎంత వంగాలో ఆవిడే చూపిస్తే కొమ్ము కాచి పెడతాను. వీలైతే ఆ కుండీని కూడా తీసుకురండి, ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలని ఉంది.