థార్‌కి పెద్ద టైర్లు: ఏ సైజు దాకా వెళ్లొచ్చు?

టెక్కలి కుర్రోడు:
నాది మహీంద్రా థార్, ఎల్ఎక్స్ మోడల్. కంపెనీ టైర్లు 255/65 ఆర్18 అరిగిపోయాయి, మార్చాలి. వారమంతా టెక్కలి–శ్రీకాకుళం హైవే. సెలవు దొరికితే మందస దాటి మహేంద్రగిరి వైపు, వానాకాలంలో మా జీడితోటల్లోకి. షాపులో 285/65 వేయించండి, లుక్కు అదిరిపోద్ది అంటున్నారు. వేసినవాళ్లు చెప్పండి గురూ.

నాగావళి ఒడ్డు:
లుక్కు సంగతి వదిలేసి ముందు లెక్క చూడు తమ్ముడూ. 255 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అంటే అందులో 65 శాతం టైరు గోడ ఎత్తు. దాన్ని రెట్టింపు చేసి రిమ్ము (ఆర్18 అంటే 18 అంగుళాలు) కలిపితే నీ టైరు దాదాపు 789 మి.మీ. 285/65 అయితే 828. అంటే అయిదు శాతం పెద్దది. మీటర్‌లో 100 కనిపిస్తుంటే బండి 105కి దగ్గరగా పోతుంటుంది. ఇంత చేసినా బండి కింద పెరిగే ఎత్తు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, ఎందుకంటే పెరిగినదాంట్లో సగమే ఇరుసు కిందకొస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుంతలో దించితే చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకునే అవకాశం ఎక్కువ. స్టెప్నీ కూడా అదే సైజుదైతే ఆ బరువంతా వెనక డోర్ కీళ్ల మీదే.

పాత బొలెరో:
మా బావ బొలెరోకి 215/75 ఆర్15 తీసేసి 235/75 వేయించాడు. చూడ్డానికి బ్రహ్మాండం. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు తెలిసింది అసలు సంగతి: ఇదివరకు రెండో గేర్‌లో లాగే మలుపుల్లో ఫస్టుకి దిగాల్సి వస్తోంది. టైరు చుట్టుకొలత పెరిగితే గేర్ పొడవైనట్టే మరి, లాగే బలం తగ్గుతుంది. మైలేజీ కూడా తగ్గిందంటాడు. అది మాత్రం తన కాలు బరువో, టైరు బరువో నాకు తెలీదు.

జిమ్నీ అమ్మాయి, విజయనగరం:
సైజు కన్నా ట్రెడ్ (నేలకు ఆనే గాళ్ల డిజైన్) గురించి ఆలోచించండన్నా. నాది 195/80 ఆర్15, సన్నటి టైరే. ఏటీ (ఆల్ టెరైన్, రోడ్డుకీ మట్టికీ పనికొచ్చేది) వేయించాను, సైజు మార్చలేదు. పొలాల దారిలో పైన బురద, కింద గట్టి నేల ఉన్నచోట సన్న టైరు బురదను కోసుకుని కిందికి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. కానీ రేగడి వేరు. నాలుగు చుట్లు తిరిగేసరికి గాళ్లన్నీ పూడుకుపోయి, టైరు పిండిలో ముంచి తీసిన బూరెలా తయారవుతుంది. అక్కడ ఏటీ అయినా, హైవే టైరు హెచ్‌టీ అయినా ఒకటే. గాళ్లు వెడల్పుగా ఉండే ఎంటీ (మడ్ టెరైన్, బురద టైరు) మట్టిని విదిలించుకుంటుంది గానీ, హైవే మీద దాని మోత భరించాలి. తడి తారు మీద బ్రేకు కూడా అంత నమ్మకంగా పడదు. మీ వాడకంలో హైవేనే ఎక్కువ కదా.

కళింగపట్నం రాజు:
ఇసుకలో అయితే గాలే అసలు మందు. 18 పీఎస్ఐ దాకా దించితే టైరు సాగి, నేలకు ఆనే భాగం పొడవవుతుంది. పెద్ద టైరు వేసి గాలి దించని బండి నా కళ్లముందే కూరుకుపోయింది. మళ్లీ రోడ్డెక్కే ముందు గాలి కొట్టాల్సిందే, అందుకే చిన్న కంప్రెసర్ బండిలోనే పడుంటుంది. ఇంకో మాట, జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. దయచేసి బీచ్‌లోకి బండ్లు దించకండి. ఆఫ్‌రోడ్ సరదాకి కొండలున్నాయి, తోటలున్నాయి, చాలవా ఏటి?

టెక్కలి కుర్రోడు:
మరి 265/65 ఆర్18? లెక్కేస్తే 802 వస్తోంది, తేడా రెండు శాతం లోపే.

నాగావళి ఒడ్డు:
అది నడుస్తుంది, ఇబ్బంది పెద్దగా ఉండదు. కానీ కాగితాల సంగతి చూసుకో. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద గట్టిగా చెప్పింది. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లకి సాకు దొరక్కూడదు. థార్‌లోనే ఏఎక్స్ మోడల్‌కి కంపెనీయే 245/75 ఆర్16 ఇచ్చింది, 774 మి.మీ. నీదానికన్నా కొంచెం పొట్టి గానీ గోడ దాదాపు 184 మి.మీ., నీకున్నది 166. రాళ్ల దారిలో ఆ గోడే రిమ్మును కాపాడుతుంది. ఆ 16 అంగుళాల రిమ్ముకి మారాలనుకుంటే ఒక చక్రం బిగించి, బ్రేక్ కాలిపర్‌కి తగలట్లేదని చూశాకే మిగతావి కొను.

పాత బొలెరో:
ఏ సైజైనా నాలుగూ ఒక్కసారే మార్చు. రెండు కొత్తవి, రెండు అరిగినవి పెట్టుకుని ఫోర్‌వీల్ వేస్తే ముందూ వెనకా తిరిగే లెక్క తేడా వచ్చి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. పొడి తారు మీద అసలు వేయకు. టైరు గోడ మీద నాలుగంకెలు కూడా చూడు. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. నాకో షాపులో ‘ఫ్రెష్ స్టాక్’ అంటూ మూడేళ్లనాటివి బయటికి తీశారు.

జిమ్నీ అమ్మాయి, విజయనగరం:
లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కూడా చూడండి. పాతదాని మీద ఉన్న అంకె కన్నా తగ్గకూడదు.

టెక్కలి కుర్రోడు:
సరే, పాత సైజే, 255/65లో ఏటీ. స్టెప్నీతో కలిపి అయిదూ తీసుకుంటున్నాను. పండగ ముందు రేట్లు పెరగకుండా ఈ వారమే.

కళింగపట్నం రాజు:
పాతవాటిలో కాస్త బాగున్నదొకటి నాకు ఉంచు తమ్ముడూ. మనదీ అదే బండి, స్టెప్నీ పగిలి కూర్చుంది.