స్టీల్ బంపర్ ఉన్న పికప్‌కి బ్లైండ్ స్పాట్ రాడార్, లేన్ కెమెరా: ఏవి పెట్టొచ్చు, ఏవి దండగ?

ప్రశ్న:
బండి డబుల్ క్యాబ్ పికప్. హైడ్రాలిక్ స్టీరింగ్, 2 అంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచారు). వెనక కంపెనీ బంపర్ తీసేసి స్టీల్ బంపర్ వేసి ఉంది. బ్లైండ్ స్పాట్ రాడార్ కిట్ (అద్దాల్లో కనిపించని పక్క బండిని పసిగట్టేది), పార్కింగ్ సెన్సార్లు, లేన్ హెచ్చరిక కెమెరా పెట్టాలని ఉంది. పై మోడల్ విడిభాగాలు తెచ్చి కోడింగ్ (బండి కంప్యూటర్‌లో సెట్టింగుల మార్పు) చేయిస్తే అడాప్టివ్ క్రూజ్ (ముందు బండిని బట్టి వేగం తానే మార్చుకోవడం), లేన్ కీప్ (బండి తానే లేన్‌లో ఉండేలా చక్రం తిప్పుకోవడం) కూడా వస్తాయా? రాడార్లని స్టీల్ బంపర్ వెనక బిగించొచ్చా?

జవాబు 1:
లేన్ కీప్ మర్చిపోండి. చక్రం తిప్పాలంటే స్టీరింగ్‌లో మోటారు ఉండాలి, మీ బండిలో లేదు. కోడింగ్‌తో మోటారు రాదు కదా! అడాప్టివ్ క్రూజ్ సంగతి ఏబీఎస్ (బ్రేక్ కంట్రోల్) యూనిట్ మీద ఆధారపడుతుంది. పెడల్ తొక్కకుండానే అది బ్రేక్ ప్రెషర్ పెంచగలగాలి, రాడార్ ఇచ్చే ఆదేశం తీసుకోగలగాలి. చూడ్డానికి రెండు మోడళ్ల యూనిట్లూ ఒకేలా ఉండొచ్చు. పార్ట్ నంబర్లు సరిచూడకుండా డబ్బు పెట్టకండి. నన్నడిగితే హెచ్చరించే పరికరాల దగ్గర ఆగడం మంచిది.

స్టీల్ వెనక రాడార్ పనిచేయదు. 24 అయినా 77 గిగాహెర్ట్జ్ అయినా తరంగాలు ప్లాస్టిక్ దాటతాయి, లోహం దాటవు. బంపర్ మూలలు కోసి ప్లాస్టిక్ ఎండ్ క్యాప్‌లు వేసి వాటి వెనక బిగించాలి. ఆ క్యాప్‌కి లోహపు రేణువులున్న పెయింట్ గానీ మందంగా పుట్టీ గానీ వద్దు. ఎత్తు, కోణం కిట్ మాన్యువల్‌లో ఉన్నట్టే, రెండు పక్కలా ఒకేలా ఉండాలి.

జవాబు 2:
ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో కంపెనీవాళ్లే రాడార్‌ని టెయిల్ ల్యాంప్‌లో పెట్టారు కదా, మనమూ పెట్టొచ్చు అని కొందరంటారు. ఆ ల్యాంప్‌ని రాడార్ కోసమే డిజైన్ చేశారు. మామూలు ల్యాంప్ వెనక దూరిస్తే చుట్టూ బెడ్ రేకు, ముందు రిఫ్లెక్టర్ పూత. తప్పుడు అలారాలే మిగులుతాయి.

వైరింగ్‌లో పికప్‌కి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. క్యాబ్, బెడ్ ఛాసిస్ మీద విడివిడిగా కదులుతాయి. ఆ సందులో వైరు బిగుతుగా లాగితే కొన్నాళ్లకి లోపల తెగుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. అక్కడ ఒక లూప్ వదలండి. మిగతా దూరం ఒరిజినల్ హార్నెస్ (వైర్ల కట్ట) వెంటే, సైలెన్సర్ పైపుకి దూరంగా తీసుకెళ్లండి. ఎర్త్ బెడ్ రేకుకి ఇవ్వకండి, ఛాసిస్ మీద పెయింట్ గీకి బోల్ట్ వేయండి. పవర్ ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజ్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో తీయండి. కింద వైర్లకి నొక్కుడు క్లిప్పులు వాడితే నీళ్లు చేరి తుప్పు పడుతుంది. సోల్డర్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ వేయండి.

కిట్ స్పీడ్ కోసం క్యాన్ వైర్లు (బండిలోని కంప్యూటర్లు సమాచారం పంచుకునే హై, లో అనే జంట వైర్లు) అడిగితే పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసి హై, లో మధ్య రెసిస్టెన్స్ కొలవండి: 60 ఓమ్‌లకి దగ్గరగా ఉండాలి. కిట్ కలిపాక 40కి పడిపోతే అందులో ఇంకో 120 ఓమ్ టెర్మినేటర్ (క్యాన్ లైను చివర పెట్టే రెసిస్టర్) ఉన్నట్టు. దాన్ని తీసేయాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇండికేటర్లు ఎల్ఈడీ. సిగ్నల్ వైరు నేరుగా కిట్‌కి కలపొచ్చా? లిఫ్ట్ వల్ల కెమెరాకి ఇబ్బందా?

జవాబు 1:
కొన్ని బళ్లలో ల్యాంప్‌కి పల్స్‌లుగా కరెంటు ఇస్తారు. మల్టీమీటర్‌లో వెలిగినప్పుడు కూడా 12 కంటే బాగా తక్కువ చూపిస్తే అదే అనుకోండి. కిట్ బ్లింక్ సరిగా పట్టుకోదు. అలాంటప్పుడు ఇండికేటర్ సమాచారం క్యాన్ నుంచి చదివే కిట్ తీసుకోవాలి.

లిఫ్ట్ కంటే వాలు ముఖ్యం. కెమెరా 1 డిగ్రీ పైకి లేస్తే 50 మీటర్ల దూరంలో చూపు దాదాపు 87 సెం.మీ. పైకి పోతుంది. బెడ్‌లో బరువేస్తే వెనక దిగి ముక్కు లేస్తుంది, ఇదే జరుగుతుంది. టైర్లలో గాలి సరిచేసి, సమతలంగా ఉన్న చోట బండి నిలిపి, కొత్త కెమెరా ఎత్తు నమోదుచేసి క్యాలిబ్రేట్ చేయండి. అద్దం మీద వైపర్ తుడిచే మేరలోనే అంటించండి.

జవాబు 3:
పార్కింగ్ సెన్సార్ల గురించి ఎవరూ చెప్పలేదు. స్టీల్‌కి నేరుగా తగిలితే బంపర్ కంపనాన్నే అడ్డంకి అనుకుని కూస్తాయి. రబ్బరు రింగు తప్పనిసరి. రింగు మందం కలుపుకొని హోల్ సా (గుండ్రని రంధ్రం కోసే రంపం) సైజు ఎంచుకోండి, కోసిన అంచుకి జింక్ ప్రైమర్ పూయండి. సెన్సార్ వెనక బాణం గుర్తు పైకే ఉండాలి, తిరగబడితే నేలని చూస్తుంది. టో బాల్ (ట్రైలర్ తగిలించే గుండు) ఉంటే మధ్య రెండు సెన్సార్లని దానికి వీలైనంత ఎడంగా పెట్టండి. ట్రైలర్ కట్టేవాళ్లయితే రాడార్ పవర్‌కి ఒక స్విచ్ కూడా పెట్టుకోండి. లేదంటే ట్రైలర్‌నే పక్క బండి అనుకుని లైటు ఆగకుండా వెలుగుతుంది.