తొట్టి మిద్దెను ‘మండువా’ అని రాయాలా?

పలమనేరు దగ్గర మా పల్లెలో తాతల నాటి ఇల్లూ వాకిలీ ఇంకా ఉన్నాయి. తొట్టి మిద్దె, ఎద్దుల కొట్టం, వామిదొడ్డి, కపిలబావి. అన్నదమ్ములం కలిసి కుళ్లిన దూలాలు మార్చి నిలబెట్టుకున్నాం. పిల్లలకు తెలియాలని ఒక్కోదాని ముందు పేరుతో బోర్డు పెడుతున్నాం. చిక్కంతా అక్కడే వచ్చింది. ‘తొట్టి మిద్దె అంటే ఎవరికి తెలుస్తుంది, మండువా లోగిలి అని రాద్దాం’ అన్నాడు మా చిన్నాయన కొడుకు.

నాకు మనసొప్పలేదు. మండువా మంచి మాటే, గోదావరి వైపు ఇళ్లకు అది సొంతం. మా ఇంటిని మాత్రం ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు. ఇంటి నడుమ కప్పులేని జాగా, చుట్టూ నాలుగు పక్కలా వసారా. ఆ నడిమి నేల ఒక మెట్టు దిగువన ఉంటుంది. వాన నీళ్లన్నీ అందులోకే దిగి జలదారి గుండా బయటికి పోతాయి. ఆవులకు కుడితి పోసేదీ తొట్టే, ఇంటి నడుమ వాన పట్టేదీ తొట్టే. పేరులోనే ఇల్లు కనబడుతుంది. సరిహద్దు దాటి ముళబాగిలు వైపు పోతే కన్నడంలో ‘తొట్టి మనె’ అంటారు. తమిళంలోనూ ‘తొట్టికట్టు’ ఇళ్లున్నాయి. ఇరుగుపొరుగు భాషలు కాపాడుకుంటున్న మాటను మనమెందుకు వదలాలి?

మిద్దె అంటే మేడ అనుకునేవాళ్లూ ఉన్నారు. మాకు ఒక్క అంతస్తే అయినా, కప్పు చదునుగా ఉంటే అది మిద్దె. పాతవాటికి దూలాల మీద దంతెలు పరిచి, పైన చవుడు మట్టి తోలేవాళ్లు. తడిస్తే ఆ మట్టి మెత్తగా విడిపోయి సందులన్నీ మూసేస్తుంది, నీళ్లు కిందికి దిగవు. వానలకు ముందు తాత గంపలతో చవుడు పైకి మోయించడం నాకు బాగా గుర్తు.

మీరేమంటారు?

— అన్నా, మాది మదనపల్లె. మా అవ్వ ఇప్పటికీ ‘తొట్లో ఎండ పడింది, వడియాలు పెట్టండి’ అంటుంది. మార్చొద్దు. వామిదొడ్డి దగ్గర మాత్రం కొంచెం ఆలోచించండి, కోస్తా వాళ్లకు దొడ్డి అంటే వేరే అర్థం తోస్తుంది.

— తమ్ముడూ, దానికి వెనకాడితే ఎట్లా? దొడ్డి అంటే చుట్టూ కంచె వేసిన ఆవరణ. పశువులను కట్టేసే బందెలదొడ్డి కోస్తాలోనూ ఉంది కదా. వాములు వేసే దొడ్డి వామిదొడ్డి, అంతే.

— మాది తెనాలి అండీ. కపిల అంటే మా వైపు మోటేనా?

— అవునండీ, అదే. ఎద్దులు వాలుగా ఉన్న బాటలో దిగుతుంటే తోలు బాన నీళ్లతో పైకి వస్తుంది. మా బావి పక్కన ఆ వాలు ఇంకా చెక్కుచెదరలేదు.

అందరికీ చాలా థ్యాంక్స్. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘తొట్టి మిద్దె’ అనే రాయిస్తున్నా. కింద చిన్నగా ‘కోస్తాలో మండువా లోగిలి’ అని ఉంటుంది. మా తమ్ముడు దీనికి ఒప్పుకున్నాడు.