సమస్య: పచ్చ నెత్తురు పారె మా బాబు మేన

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి. 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ టీవీ సీరియల్‌లో ఆకుపచ్చ నెత్తురుండే వల్కన్ గ్రహవాసి స్పాక్‌కి తల్లే మనిషా, లేక ఎప్పటి పూర్వీకుల్లోనో ఒకరు మనిషా అని మనవాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నారు కదా, ఆ గొడవేదో పద్యాల్లో తేల్చుకోండి. చివరి పాదం పైదే. ఒక్క అక్షరం కూడా మార్చకూడదు.

లెక్కల మాస్టారు: బోణీ నాది.

చేల గట్టున పడగానె చేయి గీరె
గాయపాకును తా నూరి కట్టె నవ్వ
పసరు నెత్తుట కలిసెను, బాగ చూడ
పచ్చ నెత్తురు పారె మా బాబు మేన

నిర్వాహకుడు: మాస్టారూ, ఛందస్సుకు వంక పెట్టలేను. కానీ ఇందులో స్పాక్ ఏడీ? పసరు పోసి తప్పించుకున్నారు. పోటీకి లెక్కలోకి రాదు, చదువుకోవడానికి మాత్రం హాయిగా ఉంది.

డాలస్ అక్కయ్య: నాది స్పాక్ తల్లి అమాండా మాట.

తండ్రి వల్కను, తల్లియో ధరణి చెలియ
రాగి కతమున నెత్తుటి రంగు మాఱె
బిడ్డ మోకాలు గీరగ బెదరె నమ్మ
పచ్చ నెత్తురు పారె మా బాబు మేన

లెక్కల మాస్టారు: 'ధరణి చెలియ' బాగుందమ్మా. అన్వయమే కొంచెం కుంటింది. చివరి పాదం తల్లి మాట అయితే, అన్నట్టు చెప్పే క్రియ ఏదీ? 'బెదరి యనెను' అనండి, సరిపోతుంది. యతి కూడా చెడదు.
ఇంకో మాట. రాగి ఉన్న నెత్తురు మన భూమ్మీదా ఉంది. ఆక్టోపస్ నెత్తుట్లో ఉండే హీమోసయనిన్ అనే రాగి పదార్థం గాలి తగిలితే నీలంగా మారుతుంది, పచ్చగా కాదు.

డాలస్ అక్కయ్య: సవరించుకున్నాను మాస్టారూ. రంగు సంగతి కథ రాసినవాళ్ళని అడగాలి. అయినా 'నీలి నెత్తురు' అంటే 'బాబు'తో యతి ఎలా కుదురుతుంది?

హైదరాబాద్ అభిమాని: అసలు తల్లి మనిషని మొదట్లో చెప్పనే లేదండీ. నా పూరణ చూడండి.

తాత ముత్తాత లెవ్వరో ధరణి కన్యఁ
బెండ్లి యాడిన నేమాయె? వీడిపోయె
నెఱుపు చుక్కలు తరములో నింకి యింకి
పచ్చ నెత్తురు పారె మా బాబు మేన

1966 సెప్టెంబర్ 22న వచ్చిన ఎపిసోడ్‌లో ఓడ కెప్టెన్ కిర్క్‌తో చదరంగం ఆడుతూ స్పాక్ తన నోటితోనే అన్నాడు, పూర్వీకుల్లో ఒకరు మానవ స్త్రీని పెళ్ళాడారని. అమ్మ అనలేదు!

డాలస్ అక్కయ్య: సరిగ్గా వారానికి, 29న వచ్చిన ఎపిసోడ్‌లో, ఏమైంది మరి? మత్తు ఎక్కినట్టై, మా అమ్మ భూమి మీది ఆడది, ప్రేమిస్తున్నానని ఆవిడకి ఎప్పుడూ చెప్పలేకపోయానని ఏడ్చాడు. మరుసటి ఏడు నవంబర్‌లో 'జర్నీ టు బేబెల్' ఎపిసోడ్‌లో నాన్న సారెక్, అమ్మ అమాండా ఇద్దరూ స్పాక్ ఉన్న అంతరిక్ష ఓడ ఎక్కి దిగారు. ఇంక ముత్తాత ఎక్కడ మిగిలాడు?

హైదరాబాద్ అభిమాని: అంటే మొదటి మాట అబద్ధమా? వల్కన్లు అబద్ధమాడరు కదా!

లెక్కల మాస్టారు: అబద్ధమెందుకు నాయనా. నాన్న పూర్వీకుడు కాడా? మొదటి మెట్టు ఆయనే. ఇంటి గుట్టు చెప్పకుండా, అబద్ధమూ ఆడకుండా తప్పుకున్నాడు. కోర్టులో సాక్షి కూడా అంతే చెప్తాడు.

నిర్వాహకుడు: మాస్టారి వాదన నాకు నచ్చింది, నమ్మలేదు. అప్పటికి రాసేవాళ్ళకే తేలి ఉండదు. పద్యంలో 'నింకి యింకి' దగ్గర మాత్రం నిజంగా ఇంకిన చప్పుడు వినిపించింది. అభినందనలు.

కొత్త కుర్రాడు: మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే తిట్టకండి.

చెవులు మొనదేలి యున్నట్టి చిన్నవాడు
నవ్వు రాదని యందురు, నమ్మ నేను
అమ్మ పోలిక లోపల దాచుకొనెను
పచ్చ నెత్తురు పారె మా బాబు మేన

లెక్కల మాస్టారు: మూడో పాదంలో యతి తప్పింది. 'అ'కీ 'దా'కీ పొసగదు. 'అమ్మ పోలిక లోపల నణచి యుంచె' అను. అణచడమనే మాట వల్కన్‌కి దాచడం కన్నా బాగా నప్పుతుంది కూడా.

కొత్త కుర్రాడు: ధన్యవాదాలు మాస్టారూ! నణచి... రాసి పెట్టుకున్నా.

శ్రీకాకుళం బాబాయి: ఆలస్యమైంది. అందరూ బిడ్డనే పట్టుకుని వేలాడుతున్నారేం? మా వైపు బాబంటే నాన్న. ఇది స్పాక్ చెప్పే పద్యం.

గుండె కోతకు నెత్తురు కొరత కాగ
కన్న కొడుకును నేనిచ్చి కాచినాను
నాది వడగట్టి యెక్కింప నాడి నిలిచె
పచ్చ నెత్తురు పారె మా బాబు మేన

డాలస్ అక్కయ్య: బాబాయ్! వడగట్టడం భలే పట్టారు. స్పాక్ నెత్తుట్లో మనిషి అంశ ఉంది కాబట్టి దాన్ని వేరుచేస్తే గాని సారెక్‌కి పనికిరాదని ఆ 'జర్నీ టు బేబెల్'లోనే ఉంది. వాడు ఎవరి కొడుకో చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? వడగడితే పోయేది అమ్మది, మిగిలేది నాన్నది.

హైదరాబాద్ అభిమాని: సరే, ముత్తాతని వెనక్కి తీసుకుంటున్నా. అన్నట్టు, తండ్రి వేషం వేసిన మార్క్ లెనార్డ్ 1924లో పుట్టారు, కొడుకు స్పాక్ వేషం వేసిన లియొనార్డ్ నిమోయ్ 1931లో. ఈ లెక్క ఎవరు తేలుస్తారు?

లెక్కల మాస్టారు: మేకప్ తేలుస్తుంది. బాబాయిగారూ, బాబంటే నాన్న అన్నది అందరూ ఒప్పుకుంటారా?

శ్రీకాకుళం బాబాయి: 'నీ బాబు సొమ్మా' అని ఎవరిని ఉద్దేశించి తిడతారు మాస్టారూ, కొడుకునా?

నిర్వాహకుడు: సమస్య ఇచ్చింది నేను. నాకే తట్టలేదు.