రసాయన ఆయుధాల నిషేధం: పట్టుకునేదెవరు, శిక్షించేదెవరు?

గోదారిగట్టు:
గ్రూప్స్‌కి చదువుతున్నాను. రసాయన ఆయుధాల ఒప్పందం 1997 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉంది, 193 దేశాలు సభ్యులు. అయినా సిరియాలో 2013లో ఘూతాలో సారిన్ విషవాయువు, 2017లో ఖాన్ షేఖూన్‌లో మళ్లీ సారిన్. తనిఖీలు ఎలా చేస్తారు? తప్పు చేస్తే శిక్ష ఎవరు వేస్తారు? సవాలు తనిఖీ, అంటే ఒక దేశం అనుమానంతో ఇంకో దేశంలో అడిగే తనిఖీ, ఎప్పుడైనా వాడారా?

ప్లాంటు_షిఫ్టు_బి:
తనిఖీ సంగతి చెప్తాను. చేసేది ఈ ఒప్పందాన్ని అమలుచేసే హేగ్‌లోని సంస్థ, ఓపీసీడబ్ల్యూ. మాది పటాన్‌చెరు వైపు ఓ ఆర్గానిక్స్ ప్లాంటు. ఐదు రోజుల ముందు కబురు వచ్చింది. దాచేదేమీ లేదు గానీ స్టోర్స్ రిజిస్టరుకీ బ్యాచ్ షీట్లకీ లెక్క కుదరక మేనేజరు నిద్రపోలేదు. ఒకే సాల్వెంట్ డ్రమ్ము రెండు రిజిస్టర్లలో ఎక్కింది. ఇన్‌స్పెక్టరు ఆ డ్రమ్ము పక్కన మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, లాట్ నంబరు రాసుకున్నాడు. వాళ్లకి ఉన్నది 24 గంటలే. అందులో రెండు గంటలు ఆ డ్రమ్ముకే పోయాయి.

ఎక్స్‌పోర్ట్_మూర్తి:
మీకు టెన్షన్ ఒక్క రోజు. నాకు నాలుగు నెలలు. ఈజిప్టు పార్టీకి ట్రైఇథనాలమైన్ పంపాలి, సిమెంటు గ్రైండింగుకి. ఆయుధాల తయారీకీ పనికొచ్చే రసాయనం అది. ఈజిప్టు ఒప్పందంలో లేదు. సరుకు దేనికి వాడతారో చెప్తూ అక్కడి ప్రభుత్వం ఎండ్ యూజ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇక్కడ స్కోమెట్ (ఆయుధాలకూ పనికొచ్చే సరుకుల ఎగుమతి జాబితా) లైసెన్సు కావాలి. కాగితాలు చేతికొచ్చేలోపు ఆర్డరు పోయింది. జనం మీద గ్యాస్ వేసినవాడిని ఎవరూ ముట్టుకోరు, సరుకు అమ్ముకునేవాడి మీదే అన్ని రూల్సూ.

లా_మూడో_ఏడు:
మూర్తిగారూ, 1988లో ఇరాక్‌లోని కుర్దుల ఊరు హలబ్జాలో విషవాయువుకి అంతమంది పోయింది సరుకు అమ్మినవాళ్ల వల్ల కూడా. డచ్ వ్యాపారి ఫ్రాన్స్ వాన్ అన్రాట్ సద్దాం ప్రభుత్వానికి థయోడైగ్లైకాల్ అమ్మాడు. మస్టర్డ్ గ్యాస్‌కి అదే ముడిసరుకు. 2005లో నెదర్లాండ్స్ కోర్టు 15 ఏళ్లు వేసింది. అప్పీలుకి వెళ్తే శిక్ష పెరిగింది.

నీళ్లట్యాంకు:
సిరియాలో క్లోరిన్ కూడా వేశారంటారు కదా. క్లోరిన్ ఒప్పందంలోని మూడు షెడ్యూళ్లలో, అంటే రసాయనాల జాబితాల్లో, ఎక్కడా లేదు. లేనిదాన్ని నిషేధం అంటే ఎలా?

లా_మూడో_ఏడు:
షెడ్యూలు ఉన్నది డిక్లరేషన్లకీ తనిఖీలకీ. నిషేధం షెడ్యూలుతో ఆగదు. రెండో అధికరణం చదవండి: ఏ విషరసాయనమైనా చంపడానికి వాడితే ఆయుధమే.

సీనియర్_కెమిస్ట్:
22 ఏళ్ల సర్వీసు నాది, క్లోరిన్‌తోనే బతికాను. లిస్టులో లేదంటే లేదు. పుస్తకం చదివి మాకు చెప్పకండి.

లా_మూడో_ఏడు:
సర్వీసుకి దండం. కానీ ఒప్పందం మాట ఒప్పందంలోనే ఉంటుంది. మీ మాటే నిజమైతే లిస్టులో లేని కొత్త విషం తయారుచేసినవాడు తప్పించుకుపోతాడు. అలా జరగకూడదనే అలా రాశారు.

సీనియర్_కెమిస్ట్:
వాడకం నిషేధం అన్నంతవరకు ఒప్పుకుంటాను. కానీ క్లోరిన్‌ని తనిఖీ చెయ్యలేరు. ప్రతి ఊరి నీళ్ల ప్లాంటులో ఉంటుంది. నేను చెప్పేది అది.

నీళ్లట్యాంకు:
ఆ ప్లాంటు మనిషిని నేనే. 900 కిలోల టోనర్లు. రోజూ పొద్దున్నే కర్రకి దూది చుట్టి, అమ్మోనియాలో ముంచి, వాల్వు చుట్టూ తిప్పుతాను. లీకుంటే తెల్లటి పొగ లేస్తుంది. ఒకసారి లేచింది. ఆ ఘాటు గొంతులోంచి మూడు రోజులు పోలేదు. దీన్ని హెలికాప్టర్లోంచి ఇళ్ల మీద పడేశారని చదివినప్పుడు ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

గాజువాక_వాసి:
2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ పీల్చి మా బంధువులు రోడ్డు మీద పడిపోయారు. అదీ విషవాయువే కదా, దానికి ఈ తనిఖీ ఎందుకు లేదు?

ప్లాంటు_షిఫ్టు_బి:
అది ప్రమాదం అన్నా, ఈ ఒప్పందం కిందికి రాదు. దానికి వేరే చట్టాలు. మీ వాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నారు?

గాజువాక_వాసి:
పిన్నికి ఇంకా ఆయాసం.

గోదారిగట్టు:
శిక్ష సంగతి ఎవరూ చెప్పలేదు.

లా_మూడో_ఏడు:
ఘూతా నాటికి సిరియా ఈ ఒప్పందంలో లేదు, తర్వాత అక్టోబరులో చేరింది. 1925 జెనీవా ప్రోటోకాల్‌లో మాత్రం ముందునుంచే ఉంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకి పంపాలంటే 2014లో రష్యా, చైనా వీటో చేశాయి. ఎవరు వాడారో తేల్చే ఐరాస దర్యాప్తు బృందం గడువును 2017లో రష్యా పొడిగించనివ్వలేదు. దాంతో 2018లో హేగ్ సంస్థే సొంత బృందం పెట్టుకుంది. అది పేరు చెప్పగలదు, జైల్లో పెట్టలేదు. 2021లో ఆ సంస్థలో సిరియా ఓటు హక్కు తీసేశారు. అంతే చెయ్యగలిగారు.

ఎక్స్‌పోర్ట్_మూర్తి:
అందుకే అన్నాను. ఇంతకీ, దుబాయ్ పార్టీకి బిల్లు చేసి అక్కడి నుంచి ఈజిప్టు పంపితే లైసెన్సు తప్పుతుందా?

సీనియర్_కెమిస్ట్:
మూర్తీ, ఆ మాట ఇక్కడితో ఆపు. చివరికి వాడేది ఎవరని అడిగేది అందుకే. మా పాత కంపెనీలో ఒకడు అలాగే చేసి ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు.

గోదారిగట్టు:
సవాలు తనిఖీ?

ప్లాంటు_షిఫ్టు_బి:
ఒక్కసారీ వాడలేదు. ఒక దేశం ఇంకో దేశం మీద బహిరంగంగా వేలెత్తి చూపాలి. ఏమీ దొరక్కపోతే ఆ దేశం పరువే పోతుంది.

సీనియర్_కెమిస్ట్:
పరువొక్కటే కాదు. రేపు ఆ దేశం తిరిగి మన ప్లాంట్ల మీద అడుగుతుంది.

నీళ్లట్యాంకు:
గాజువాక అన్నా, పిన్నిగారిని ఛాతీ డాక్టరుకి ఒకసారి చూపించండి. నాకు ఇన్‌హేలరు పనిచేసింది.