పాత 125 సీసీ బండిని బోన్‌విల్ ఉప్పు మైదానానికి సిద్ధం చేయడం ఎలా?

ప్రశ్న:
1960ల నాటి టూ స్ట్రోక్ మోటార్‌సైకిల్‌ను వేగ రికార్డుల పరుగులకు పేరున్న అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో పరుగెత్తించాలనుకుంటున్నాను. ఇంజిన్ శక్తిని పెంచడంతోనే మొదలుపెట్టాలా, లేక ముందుగా చూడవలసినవి వేరే ఉన్నాయా?

జవాబు 1:
ముందు గాలి సంగతి చూడండి. గాలి నిరోధాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, వేగం 10 శాతం పెరగాలంటే శక్తి సుమారు 33 శాతం పెరగాలి. చిన్న ఇంజిన్ నుంచి అంత రాబట్టడం కంటే హ్యాండిల్‌ను కిందికి దించి, ఫుట్‌రెస్టులను వెనక్కి జరిపి, ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు ఒదిగి కూర్చోవడం ఎంతో తేలిక.

జవాబు 2:
నిజమే, కానీ టూ స్ట్రోక్‌కు అసలు పరీక్ష వేడి. మైళ్ల పొడవునా థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచినప్పుడు ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు కాస్త తగ్గినా పిస్టన్ కరిగిపోవచ్చు. ఆ మైదానం సుమారు 4,200 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన కాబట్టి చివరికి చిన్న మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రం) సరిపోవచ్చు, అయినా పెద్దదానితోనే మొదలుపెట్టి, థ్రాటిల్ తెరిచి ఉండగానే ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్‌ను పరిశీలిస్తూ జెట్ సైజును ఒక్కొక్క మెట్టు తగ్గించండి.

జవాబు 3:
వెనుక స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) రెండు మూడు సైజుల్లో తీసుకువెళ్లండి, ఎందుకంటే తడి ఉప్పు బండిని ఎంతగా వెనక్కి లాగుతుందో ముందుగా అంచనా వేయలేము. వేగానికి తగిన రేటింగ్ ఉన్న కొత్త టైర్లు, నడిపేవారు పడిపోతే ఇంజిన్‌ను ఆపే తాడు స్విచ్ తప్పనిసరి. బండికి అంటిన ఉప్పును ఆ రోజే మంచినీటితో కడిగేయండి.