అప్‌డేట్: వానల్లో విశాఖ నుంచి కళింగపట్నం దాకా సైకిల్ మీద

జూలై వానల్లో మా ఆయనా నేనూ విశాఖ నుంచి తీరం వెంబడి కళింగపట్నం దాకా సైకిళ్ల మీద వెళ్లగలమా అని అడిగాను కదా, వెళ్లాం! భీమిలి దాకా బీచ్ రోడ్డు హాయిగా సాగింది. గోస్తనీ నది దాటాక పల్లె రోడ్లు, బురద. వెళ్లేటప్పుడు గాలి కలిసొస్తుందని మీరు చెప్పింది అక్షరాలా నిజం. నైరుతి గాలి వెనక నుంచి తోస్తుంటే ఈశాన్యంగా తొక్కడం చాలా తేలిక. తిరిగొచ్చేటప్పుడు అదే ఎదురుగాలి అవుతుందని ఆమదాలవలసలో రైలెక్కి, సైకిళ్లను పార్శిల్‌లో వేశాం.

వానకన్నా ఉక్కపోతే ఎక్కువ బాధపెట్టింది. రెయిన్‌కోట్ లోపల చెమటకే తడిసిపోయి, చివరికి తీసేసి వానలోనే తొక్కాం. ఉప్పుగాలికి చైన్ త్వరగా తుప్పు పడుతుంది, రోజూ తుడిచి ఆయిల్ వేయండి.

వచ్చే వానాకాలం అదే తీరంలో ఇంకా ముందున్న బారువ దాకా వెళ్దామంటున్నారు మా ఆయన. నేనూ సరేనన్నాను.